తెరచాప పడవపై పనోరమా కెమేరా
(సంఘ సమావేశమునందలి ప్రసంగ పాఠము)



తెరచాప పడవ నడుపువాడు ఏకకాలమున నాలుగువైపుల చూడవలసినవాడు. తలపైన చాప ఎట్లు నిండియున్నదో చూడవలెను. నీటిపై నల్లని ముడుతలు వేయుచు వచ్చు గాలిని ముందుగానే కనిపెట్టవలెను. వెనుకనుండి వచ్చు పడవ ఏ ప్రక్కకు తిరుగనున్నదో గమనించవలెను. చేతిలోని చుక్కాని సంగతి, కాలిక్రింద చుట్టుకొను మోకు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఇన్నింటిలో ఏదో యొకటి తప్పక అతని కన్ను దాటిపోవును. ఒడ్డు చేరిన పిదప, ఆ మలుపులో పడవ వేగమెందుకు పోయినదని అడిగినచో ముగ్గురు నావికులు మూడు విధములుగ చెప్పుదురు. ముగ్గురును నిజమే చెప్పుదురు. ఎవరు చూచిన వైపును వారు చెప్పుదురు.

సాధారణమైన కెమేరా ఈ తగవును తీర్చజాలదు. దానికి ముఖము ఒక్కటే. పడవ గాలికెదురుగ మలుపు తిరిగినపుడెల్ల చాప ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు మారును. మనుష్యులును బరువు సరిచేయుటకై రెండవ అంచునకు ప్రాకుదురు. బిగించిన కెమేరా మాత్రము మొదటి ప్రక్కనే చూచుచుండును. గంటసేపటి చిత్రములో అరగంట ఖాళీ బల్లయు, ఎవరిదో వీపును కనిపించును. చేతబట్టి తీయుదమన్నచో, మోకు పట్టవలసిన చేయి కెమేరా పట్టినదగును; పడవకు ఒక మనిషి తక్కువయగును. అందుచేతనే నలుదిక్కులను, పైని ఆకాశమును, క్రింది నీటిని ఒక్కమారుగ గ్రహించు పనోరమా కెమేరా ఈ పడవలకు తగిన పరికరమైనది.

పనోరమాకును ఓడలకును గల చుట్టరికము క్రొత్తది కాదు. ఎడింబరోలో నివసించిన రాబర్టు బార్కరు అను చిత్రకారుడు, గుండ్రని భవనపు లోగోడ చుట్టును ఒకే దృశ్యమును చిత్రించి ప్రేక్షకుని నడుమ నిలుపు పద్ధతికి 1787లో పేటెంటు పొందెను. పనోరమా అను మాట గ్రీకు పదములనుండి కూర్చబడినది. సర్వదర్శనమని దాని భావము. 1793లో లండనులోని లెస్టర్ స్క్వేరునందు ఆయన తెరచిన గుండ్రని భవనములో స్పిట్‌హెడ్ వద్ద లంగరు వేసియున్న బ్రిటిషు నౌకాదళమును ప్రదర్శించెను. ప్రేక్షకులు నిలుచు వేదికను ఓడ పైతట్టువలె నిర్మించిరి. దానిపై నిలిచిన రాణికి సముద్రపు వికారము పుట్టెనని ఒక కథ కలదు. కథ ఎట్టిదైనను, బార్కరు గ్రహించిన మర్మము నేటికిని చెల్లుచున్నది. నలుదిక్కుల చిత్రమునకు ప్రాణము చూచువాడు నిలుచు చోటు. దిక్కులన్నియు దొరకును గాని, చూచుట ఒక్క చోటినుండియే.

నేటి పనోరమా కెమేరా అరచేత ఇమిడెడు పెట్టె. సామాన్యులు కొనదగిన రికో థీటా 2013లో వచ్చెను. నీటిలో మునిగినను చెడని గోప్రో మ్యాక్స్ 2019లోను, ఇన్‌స్టా360 ఎక్స్3 2022లోను వెలువడినవి. అన్నింటిలోను సూత్ర మొక్కటే. ముందొకటి, వెనుకొకటి చేపకన్ను వంటి ఉబ్బెత్తు లెన్సులు రెండుండును. ఒక్కొక్కటి 180 డిగ్రీలకు కొంత మించి చూచును. ఆ రెండు అర్ధగోళములను అంచులవద్ద కుట్టి ఒక గోళముగ చేయుట యంత్రము పని. ఆ గోళములో ఏ వైపు కావలెనో ఆ వైపును ఒడ్డున తీరికగ కూర్చుండి ఎన్నుకొనవచ్చును. గురిచూచు పని పడవనుండి ఇంటి బల్లకు మారినదన్నమాట.

ఈ కుట్టు సంగతి తెలియక కెమేరా బిగించినవారు తరువాత చింతింతురు. రెండు లెన్సులును ఒక్కచోట లేవు గనుక, దూరపు వస్తువులు కుట్టువద్ద చక్కగ కలియును గాని మూరెడు దూరములోనివి కలియవు. కుట్టుమీద పడిన మోకు రెండు ముక్కలుగ తెగినట్లును, మనిషి చేయి మోచేతివద్ద విరిగినట్లును కనబడును. కావున పడవ వెనుకభాగమున బిగించునపుడు ఒక లెన్సు తిన్నగ నావికులు కూర్చుండు చోటును, రెండవది వెనుకటి నీటిని చూచునట్లు త్రిప్పవలెను. అప్పుడు కుట్టు ఇరుప్రక్కల నీటిమీద పడును. నీటికి కుట్టు తెలియదు. కెమేరాను మోయు సన్నని కర్ర సరిగ కుట్టులోనే ఉండుటచే చిత్రమునుండి మాయమగును. కెమేరా గాలిలో తేలుచున్నదేమోయని పిల్లలు ఆశ్చర్యపడుట ఇందువలననే.

రెండవది లెక్క సంగతి. అంగడివారు 5.7కె అని చెప్పు చిత్రము అడ్డముగ 5,760 చుక్కలు కలది. వినుటకు పెద్ద సంఖ్యయే. కాని వానిని 360 డిగ్రీలకు పంచవలెను. డిగ్రీకి 16 చుక్కలు మాత్రమే దక్కును. 100 మీటర్ల దూరమందలి 4.2 మీటర్ల పడవ సుమారు రెండున్నర డిగ్రీలు ఆక్రమించును, అనగా 40 చుక్కలకు లోపే. దాని చాపపై సంఖ్యను చదువ యత్నించుట వృథా శ్రమ. రెండు మీటర్లలో కూర్చుండిన నావికుని ముఖమునకో, 70 చుక్కల వరకు దక్కును. అతడు ఎటు చూచుచున్నాడో స్పష్టముగ తెలియును. తరువాత వచ్చిన 8కె కెమేరాలలోను డిగ్రీకి 21 చుక్కలే. ఈ యంత్రము తన పడవను తాను చూచుకొనుటకు గాని, పొరుగువాని పడవను పరీక్షించుటకు కాదు.

ఇక బిగింపు. పడవ పని మొదట, కెమేరా పని తరువాత. మోకు నడచు త్రోవలో కెమేరా ఉండరాదు. అడ్డకొయ్య, అనగా చాప అడుగంచును పట్టియుండు కొయ్య, తిరుగు వలయములో ఉండరాదు. మనుష్యులు ఒక అంచునుండి రెండవ అంచునకు ప్రాకు దారిలో ఉండరాదు. ఈ నియమమును మీరినపుడు చెడునది చిత్రము కాదు; ఎవరిదో వ్రేలు, లేక తల.

వెనుకభాగమున స్టీలు కటకటములున్న పెద్ద పడవలలో చోటు వెదకుట సులభము. ఆ కటకటములు సాధారణముగ అంగుళము లావు గొట్టములు. రబ్బరు పట్టీ చుట్టి, దానిపై రెండు మరల బిగింపును తొడిగి, ఒకటిన్నర మీటరునుండి రెండు మీటర్ల కర్రను నిట్టనిలువుగ నిలుపవలెను. కెమేరా నావికుల తలలకు పైగ ఉన్నగాని ముందరి నీరు కనబడదు. బిగించుటకు ముందే, పడవ రేవులో కట్టియుండగనే, అడ్డకొయ్యను ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు త్రిప్పి చూడవలెను. త్రిప్పుట ఒక్కటి చాలదు. దాని చివరను పైకెత్తియు చూడవలెను. వెనుకగాలిలో చాప హఠాత్తుగ ప్రక్క మారునపుడు ఆ కొయ్య చివర పైకి లేచును. రేవులో తగులని కర్రను సముద్రములో విరుచునది ఆ లేచిన చివరయే. స్తంభశిఖరమునుండి వెనుకకు దిగు ఉక్కుతీగనుండి ఒక మీటరైనను ఎడముండుట మేలు. లేనిచో ఆ తీగ చిత్రమును నిలువున చీల్చును.

రెండు మీటర్ల కర్ర చివర వేలెడు బరువైనను, అల కొట్టినపుడు బిగింపువద్ద అది గునపము చేయు పని చేయును. సన్నని త్రాడుతో కర్ర నడుమను కటకటములకు రెండు వైపుల లాగి కట్టినచో ఊపు తగ్గును. కెమేరాకు వేరుగ ఒక రక్షణ త్రాడుండవలెను. ఇక్కడనే పలువురు పొరపడుదురు. త్రాడును బిగింపునకు కట్టి తృప్తిపడుదురు. కెమేరా అడుగున నుండునది పావు అంగుళపు మర. పడవ అదురునకు మొదట వదులగునది ఆ మరయే. అప్పుడు త్రాడును, బిగింపును క్షేమముగ పడవమీదనే ఉండును, కెమేరా సముద్రగర్భమును చేరును. త్రాడు కెమేరా దేహమునకే, లేక దానిని చుట్టియుండు చట్రమునకే కట్టవలెను. గాజునకు అంటుకొను రబ్బరు గిన్నెలు కారునకు సరిపోవును. కాలు జారకుండ గరకుగ చేసిన పడవ తట్టుమీద, ఉప్పునీటి పొరమీద వానిని నమ్మరాదు. అయస్కాంతపు బిగింపులు దిక్సూచి దరిదాపులకు రాకూడదు. సూది నాలుగు డిగ్రీలు తప్పినను పగటివేళ ఎవరికిని తెలియదు. రాత్రి, తీరపు రాళ్ళ దగ్గర తెలియును.

చిన్న పడవ కథ వేరు. సికింద్రాబాదు చెంత హుస్సేన్ సాగరములో వర్షర్తువున జరుగు పందెములను చూచినవారికి లేజరు అను పడవ పరిచితమే. పొడవు 4.2 మీటర్లు, మనిషి ఒక్కడు, చాప ఒక్కటి. స్తంభమునకు ఉక్కుతీగలు లేవు, అంచున కటకటములు లేవు. అడ్డకొయ్య దాదాపు వెనుక అంచువరకు వచ్చును. వెనుకగాలి మలుపులో చాపను బిగించు మోకు వదులై, పడవ వెనుక మూలకు తగులుకొనుట నేర్చుకొనువారందరికిని అనుభవమే. తగులుకొనిన మరుక్షణము పడవ బోర్లపడును. అట్టి చోట ఒక కర్రను పాతుట బోర్లపడుటకు పిలుపు పంపుట వంటిది. లేజరుమీద కెమేరాకు తగిన చోటు ముక్కు. అచ్చట జానెడు ఎత్తున బిగించినచో మోకులు దానిని తాకవు. మనిషియు, చాపయు, వెనుకవచ్చు పడవలును ఎదుట కనబడును. నీటి దెబ్బ మాత్రము ఎక్కువ. పందెములో పడవకు అదనపు సామాను తగిలించుటకు ఆ తరగతి పడవల నియమములు, ఆ పందెపు నిర్వాహకులు అంగీకరింతురో లేదో ముందుగనే విచారించి, అంగీకారమును వ్రాతమూలకముగ పొందవలెను.

స్తంభశిఖరముపై కెమేరా పెట్టవలెనను కోరిక యువకులకు పుట్టును. పైనుండి చాప కడుపు ఎంత నిండినదో, ఆ నిండుదల ముందునకున్నదో వెనుకకున్నదో తెలియును. క్రిందనున్నవానికి ఎన్నడును కానరాని దృశ్యమది. అయితే పది మీటర్ల స్తంభమున్న పడవ 20 డిగ్రీలు ఒరిగినపుడు శిఖరము ప్రక్కకు దాదాపు మూడున్నర మీటర్లు జరుగును. అల వచ్చినపుడెల్ల ఆ ఊపు కెమేరాకు చేరును. జారిపడిన కెమేరా తట్టును తాకువేళకు గంటకు 50 కిలోమీటర్ల వేగము పొందును; క్రింద మనిషి తల యుండవచ్చును. మనిషి పైకెక్కి బిగించుటయు, విప్పుటయు రేవులో మాత్రమే జరుగవలెను. చాపనెత్తు మోకుతో కెమేరాను పైకి లాగువారు, క్రిందికి లాగు రెండవ త్రాడు కట్టుట మరువరాదు. లేనిచో అది పైననే చిక్కుకొనును, చాప దింపుటకు కావలసిన మోకు దానికి బందీయగును. గాలి ముదురుచుండగ చాప దిగకుండుటకన్న నావికునకు భయంకరమైనది లేదు.

నీరు కెమేరాను చంపదు, ఉప్పు చంపును. నీటితుంపర లెన్సుపై ఎండిన పిదప ఉప్పుగుండ మిగులును. దానిని పొడిగుడ్డతో తుడిచినచో ఉబ్బెత్తు గాజు గీతలు పడును. తలుపులన్నియు మూసి, మంచినీటిలో కొంతసేపు నానబెట్టి, ఆపై మెత్తని గుడ్డతో అద్దవలెను. బ్యాటరీ తలుపు అంచున నుండు రబ్బరు త్రాటిపై ఒక్క ఇసుకరేణువు, ఒక్క వెంట్రుక ఉన్నను నీరు లోనికి దారి కనుగొనును. బయటినుండి విద్యుత్తు అందించు తీగ తగిలించుటకు తలుపు తెరచినచో నీటినుండి రక్షణ పోయినట్లే. లెన్సుపై నిలిచిన ఒక్క చుక్క ఒక దిక్కునంతటిని మసకచేయును. నావికులలో కొందరు లెన్సును నాలుకతో తడిపి, మంచినీటితో కడిగి బయలుదేరుదురు. నీరు చుక్కలుగ నిలువక పలుచని పొరగ జారిపోవును. ఈ చిట్కా చూచుటకు సొంపుగ ఉండదు, పనిచేయును.

ఎండ మరియొక శత్రువు. మధ్యాహ్నపుటెండలో, గాలి స్తంభించినపుడు, ఈ చిన్న పెట్టె వేడెక్కి తనంతట తానే ఆగిపోవును. మెమరీ కార్డు విషయమున ఒక లెక్క చాలును. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున వ్రాసినచో గంటకు 45 గిగాబైట్లు నిండును. బ్యాటరీ చాలవరకు అంతకు అటునిటుగ నిలుచును. దినమంతయు తీయుటకన్న, మలుపు చిహ్నము దగ్గరి అరగంట ఏదో ముందుగ నిర్ణయించుకొని తీయుట తెలివి. ధ్వనిని నమ్ముకొనరాదు. గాలి మైకులో ఉరుమువలె వినబడి మనుష్యుల మాటలను మ్రింగివేయును.

మీట రేవులోనే నొక్కవలెను. నడిసముద్రములో కెమేరాను సవరించుటకై అంచుమీదికి వంగినవాడు నీటిలో పడుట అసంభవము కాదు. చెడిన కెమేరా చెడినట్లే యుండనిచ్చి పడవ నడుపుకొనుట నావికుని ధర్మము.

గురిచూడనక్కరలేని కెమేరాకు గల విలువ దూరయాత్రలో మరింత స్పష్టమగును. భారత నౌకాదళపు తారిణి అను 56 అడుగుల తెరచాప నౌకలో ఆరుగురు మహిళాధికారులు 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి, భూమండలమును చుట్టి, 2018 మే 21న తిరిగి గోవా చేరిరి. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకురాలు. ఆరుగురిలో ఇద్దరు, విశాఖపట్టణపు పి. స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటియు, తెలుగునాటివారు. అంత చిన్న నావలో తుపాను వచ్చినపుడు చేతులన్నియు చుక్కానికిని, మోకులకును కావలెను. తుపాను తగ్గి చేయి ఖాళీయైన పిదప తీసిన చిత్రములో తుపాను ఉండదు. ఏ నౌకాయాత్రల చిత్రములలోనైన చల్లని సాయంకాలములు ఎక్కువగను, కష్టకాలములు తక్కువగను కనబడుటకు కారణమిదియే. పనిచేయు చేతులను పనిలోనుండి తప్పింపక, పనినే చిత్రించుట ఈ యంత్రము చేయగల మేలు.

చిత్రమును చూచుటలోను ఒక పద్ధతి కలదు. లోపలి గైరోల సహాయముతో కెమేరా దిగంతరేఖను సమముగ నిలుపగలదు. అప్పుడు సముద్రము నిలిచియుండి పడవ ఒరుగును. ఆ సదుపాయమును తీసివేసినచో పడవ నిలిచియుండి సముద్రము ఒరుగును. వినోదమునకు రెండవది, విద్యకు మొదటిది. ఒకే మలుపును నాలుగుమారులు చూడవలెను. ఒకమారు చుక్కాని పట్టిన చేతిని, ఒకమారు చాప ముందంచును, ఒకమారు మోకు పట్టినవానిని, చివరకు వెనుకటి నీటిని. వెనుక నీటిమీది చార అబద్ధమాడదు. అది వంకీలు పోయినచో చుక్కానిని అవసరమునకు మించి త్రిప్పినట్లు. హఠాత్తుగ విరిగినచో మలుపు మోటుగ జరిగినట్లు. ముందు చాప మోకును వదలినవాడు ఒక క్షణము ఆలస్యము చేసెనా, లేక చుక్కానివాడు మాట చెప్పకమునుపే త్రిప్పెనా అని మొదట చెప్పిన ముగ్గురి తగవు ఇచ్చట తీరును. తీరకున్నను, గొంతుక తగ్గును.

కాని రెండు పడవల నడుమ తగవును ఇది అంత సులభముగ తీర్చదు. పందెములో ఢీకొనిన, లేక ఢీకొనబోయిన పడవలవారు ప్రొటెస్టు కమిటీ ఎదుట తమ చిత్రములను చూపవచ్చును. ప్రపంచ నౌకాపందెముల 2021-2024 నియమావళి అనుబంధములోనే ఇట్టి చిత్రముల లోపములను గూర్చి కమిటీలకు హెచ్చరికయుండెను. కెమేరాకు లోతు తెలియదు. రెండు పడవలను ప్రక్కనుండి చూచినపుడు వాని నడుమ ఎంత ఎడమున్నదో చెప్పుట అసాధ్యము. ఎదుటినుండి చూచినపుడు ఒకదాని ముక్కు రెండవదాని వెనుక అంచును దాటినదో లేదో తెలియదు. పనోరమా లెన్సు ఈ చిక్కును పెంచును. దగ్గరివానిని మిక్కిలి పెద్దవిగను, కొంచెము దూరమైనవానిని మిక్కిలి దూరముగను చూపుట దాని స్వభావము. బారెడు దూరములో దూసుకొనిపోయిన పడవ తీరికగ పోయినట్లు కనబడును. భయపడి చుక్కాని త్రిప్పినవాడు అబద్ధమాడినట్లు తోచును. అట్టి చిత్రమును ముందుంచుకొని, కన్నులారా చూచినవాని సాక్ష్యమును త్రోసిపుచ్చుట అన్యాయము. నీటిమీదనున్న రెండు కన్నులకు తెలిసిన దూరము ఈ రెండు లెన్సులకు తెలియదు. ఆ కన్నులు రెండును ఒకేవైపు చూచును, ఈ లెన్సులు వీపులు కలుపుకొని చెరియొక దిక్కును చూచును.

కడపట, ప్రభుత్వోద్యోగుల సభలో తప్పక చెప్పవలసిన సంగతి యొకటి. మామూలు కెమేరా పట్టినవాడు దేనిని తీయవలెనో, దేనిని తీయరాదో ఎన్నుకొనగలడు. పనోరమా కెమేరాకు ఎన్నిక లేదు. పడవలోని అతిథులు, ప్రక్క పడవలోని స్త్రీలు, పిల్లలు, అందరును దానిలో పడుదురు. పడవ ఎక్కునపుడే వారికి చెప్పి అంగీకారము పొందుట మర్యాద. విశాఖపట్టణము, ముంబాయి వంటి రేవులలో నౌకాదళపు డాక్ యార్డులు ప్రక్కనేయున్నవి. 1923నాటి అధికార రహస్యముల చట్టము అట్టివానిని నిషిద్ధ ప్రదేశములలో చేర్చినది. పడవవాని దృష్టి తన చాపమీదనే యున్నను, కెమేరా దృష్టి యుద్ధనౌకలమీదను ఉండును. రేవులోనే మీట నొక్కవలెనను మాటకు ఇచ్చట మినహాయింపు. కెమేరాను రేవులో బిగించి, లెన్సులమీద గుడ్డసంచి తొడిగి బయలుదేరవలెను. నిషిద్ధ తీరము కనుమరుగైన పిదప, పడవను గాలికి నిలిపి, నడుముకు రక్షణత్రాడు కట్టుకొనిన ఒక్క మనిషి పోయి సంచి తీయవలెను. మీటను జేబులోని ఫోనునుండియే నొక్కవచ్చును. తిరుగుదారిలో తీరము కనబడకమునుపే సంచి మరల తొడుగవలెను.